కార్డు రుసుము ఎవరి లాభంలోంచి పోతుంది?

ఒక చిన్న వ్యాపారానికి లెక్కలు చూసే పనిలో ఉన్నందువల్ల, కార్డు చెల్లింపుల నెలవారీ నివేదికను వరుస వదలకుండా చదవడం నాకు అలవాటైంది. కొనుగోలుదారు కార్డు వాడిన ప్రతిసారీ వ్యాపారికి రావలసిన మొత్తంలోంచి కోసుకునే సొమ్ము ఒకే చోటికి పోదనీ, అందులో ఎక్కువ భాగం సాధారణంగా కార్డు జారీచేసిన బ్యాంకుకు ఇంటర్‌చేంజ్ రుసుముగా, మిగిలినది వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కుకూ, చెల్లింపు యంత్రం సమకూర్చిన సంస్థకూ చేరుతుందనీ ఆ చదువు వల్లే నాకు స్పష్టమైంది.

ఈ రుసుము మొత్తం 2 శాతం అనుకుంటే, వినడానికి స్వల్పమే. అయితే దాన్ని లాభం మీద కాక మొత్తం అమ్మకం మీద లెక్కగడతారు కనుక, నూటికి 10 మిగిలే వ్యాపారి తన లాభంలో ఐదో వంతు వదులుకున్నట్టే. దీనికి తోడు ప్రతి లావాదేవీకి ఒక స్థిర రుసుము కూడా ఉంటే, బిల్లు ఎంత చిన్నదైతే భారం అంత పెరుగుతుంది. సరుకు వెనక్కి వచ్చి డబ్బు తిరిగి ఇచ్చినా, చాలా ఒప్పందాల్లో మొదట కోసుకున్న రుసుము వాపసు రాదు. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

నగదుకూ ఖర్చు ఉందన్న మాట నిజమే: లెక్కపెట్టాలి, కాపాడాలి, బ్యాంకులో వేయాలి. కానీ పెద్ద సంస్థలు తమ అమ్మకాల పరిమాణం చూపి రేటు తగ్గించుకోగలవు, చిన్నవారికి ఆ బలం లేదు. ఐరోపా సమాఖ్య 2015 నాటి చట్టంతో వినియోగదారుల కార్డుల ఇంటర్‌చేంజ్‌ను డెబిట్‌కు 0.2, క్రెడిట్‌కు 0.3 శాతానికి పరిమితం చేసింది. నెట్‌వర్కు, యంత్ర సంస్థల వాటాలకు మాత్రం ఆ పరిమితి వర్తించదు.