ఎనిమిది గ్రాములు

ఎయిర్‌పోర్టులో మైకులో మన పేరు పిలిచారంటే ఎవరికైనా గుండె జారుతుంది. పెట్టెలో ఏముందో తెలిసినవాడికి ఇంకాస్త ఎక్కువ జారుతుంది.

నన్ను, మా మేనల్లుణ్ణి ఒక చిన్న గదిలోకి పిలిచారు. స్కానర్ తెర మీద మా గండుచీమ కనిపిస్తోంది. ప్లాస్టిక్ ఒళ్లంతా నారింజ రంగు, మోటార్లు నీలం, ముందున్న ఉక్కు చక్రం మాత్రం నల్లగా, కన్ను గుడ్డులా. అధికారి ఆ నల్లటి దాని మీద వేలు పెట్టి "ఇదేంటి సార్?" అన్నాడు.

"రోబో సార్."

"ఏం చేస్తుంది?"

నేను "పోటీకండీ, ప్రాజెక్టు లాంటిది..." అని నసుగుతున్నాను. పదహారేళ్ల మావాడికి ఎక్కడ లేని సత్యవ్రతం అప్పుడే గుర్తొచ్చింది. "ఇంకో రోబోని కొడుతుంది అంకుల్. గాల్లోకి లేపి పడేస్తుంది" అన్నాడు.

ఆ తర్వాత ముప్పావు గంట అక్కడే. నిజానికి వాళ్లకు చక్రంతో పెద్ద పేచీ లేదు, అది లగేజీలోనే వెళ్తోంది కదా. వాళ్లకు కావాల్సింది బ్యాటరీ. లిథియం బ్యాటరీలు విడిగా ఉంటే లగేజీలో వేయకూడదు, చేతి సంచీలోనే ఉండాలి. ఆ సంగతి తెలుసు కాబట్టి నాలుగూ నా భుజాన ఉన్నాయి, ఒక్కోటి నిప్పంటుకోని సంచీలో, కొసలకు టేపు చుట్టి. నూరు వాట్-అవర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. మావి 14.8 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్-అవర్లు. గుణిస్తే పన్నెండున్నర చిల్లర. ఆ గుణకారం కాగితం మీద ముగ్గురికి మూడుసార్లు చేసి చూపించాను. మూడో ఆయన లెక్క చూసి తలాడించి, "చక్రం ఎంత స్పీడు తిరుగుతుంది?" అని అడిగాడు. అప్పటికి గదిలో ఏడుగురు పోగయ్యారు. అందరికీ విమానం కంటే అదే ముఖ్యమైపోయింది, ఒక్క నాకు తప్ప.

విమానం గురించి చెప్పడానికి ఏమీ లేదు. దొరికింది, అంతే.

టీవీలో చూపించే పెద్ద రోబోలు 113 కిలోల దాకా ఉంటాయి. మాది బీటిల్‌వెయిట్, అంటే మూడు పౌండ్లు, 1,360 గ్రాములు. రెండు అరచేతుల్లో పట్టేంత. మామూలు ప్లాస్టిక్ కంటే బాగా గట్టిదైన పాలీఎథిలీన్ పలకతో ఒళ్లు, వెనక రెండు చక్రాలు, ముందు నిలువుగా తిరిగే ఉక్కు డిస్కు. ఎదుటివాడి కిందికి దూరి పైకి కొట్టాలని దాని ఉద్దేశం. డిస్కు అడ్డకొలత పదకొండు సెంటీమీటర్లు, బరువు మూడు వందల గ్రాములు. నిమిషానికి పదివేల చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. అది మొదటిసారి ఆ వేగం అందుకున్నప్పుడు మా అక్క వంటగదిలోంచి "ఒరే, ఏంట్రా ఆ చప్పుడు!" అని పరుగెత్తుకొచ్చింది. దాంతో పరీక్షలన్నీ డాబా మీదికి, మందపాటి పెట్టెలోకి మారాయి.

డిస్కుకు పళ్లు ఎన్ని ఉండాలన్న దగ్గర మామా అల్లుళ్లకు నెల రోజులు మాటల్లేవు. నేను రెండు కావాలన్నాను, ఎదురెదురుగా. తూకం దానంతటదే కుదురుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. వాడు ఒకటే చాలన్నాడు. వాడి లెక్క ఇది. మనం సెకనుకు మూడు మీటర్ల వేగంతో ఎదుటివాడి మీదికి వెళ్తున్నాం అనుకో. రెండు పళ్లుంటే, ఒక పన్ను వెళ్లి ఇంకో పన్ను వచ్చేలోపు మనం ముందుకు జరిగేది తొమ్మిది మిల్లీమీటర్లు. పన్ను కరవగలిగేది అంతమేరే. ఒక్క పన్నే ఉంటే పద్దెనిమిది. ఎంత లోతు కరిస్తే అంత దెబ్బ. లేకపోతే గీకుతుంది, అంతే. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఒంటి పన్ను డిస్కుకు రెండోవైపు బరువు సరిపెట్టడం కష్టం. ఆ కష్టం పడాల్సింది నేను. మామయ్యని కాబట్టి రెండు పళ్లే పెట్టించాను.

పోటీ హాల్లో మొదటి పని తూకం. ఇంట్లో వంట తక్కెడ మీద 1,357 చూపించిన గండుచీమ అక్కడ 1,368 చూపించింది. ఎనిమిది గ్రాములు ఎక్కువ. మళ్లీ పెట్టి చూస్తానన్నాను. "ఎన్నిసార్లైనా పెట్టుకోండి, అంతే చూపిస్తుంది" అన్నాడు బల్ల దగ్గర కుర్రాడు, రోజూ ఇలాంటి వాళ్లను వందమందిని చూసేవాడిలా.

ఎనిమిది గ్రాములంటే ఎంతో ఆ గంటలో తెలిసింది. వాషర్లు తీశాను, రెండున్నర గ్రాములు. మావాడు రంగులతో రాసుకున్న 'గండుచీమ' స్టిక్కరు పీకాను, గ్రాము. వాడు చూడకుండా పీకుదామనుకున్నాను కానీ చూశాడు. పై మూతకు డ్రిల్లుతో చిల్లులు పెట్టాను, నాలుగు గ్రాములు. ఇంకా అర గ్రాము మిగిలింది. అప్పుడు కనిపించింది పవర్ లింకు మీద అడ్డంగా అంటించిన టేపు. లింకంటే రోబోకు కరెంటు ఇచ్చే చిన్న ప్లగ్గు. అది పెడితే రోబో బతుకుతుంది, లాగితే చస్తుంది. ఆ టేపు పీకాను. 1,360. పాసయ్యాం.

తర్వాత భద్రత పరీక్ష. రిమోట్ కట్టేస్తే డిస్కు దానంతటదే ఆగిపోవాలి, అరీనా బయట డిస్కుకు తాళం పిన్ను తియ్యకూడదు. అరీనా చుట్టూ మందపాటి పాలికార్బొనేట్ గోడలు, పైన కూడా అదే కప్పు. ఈ ఆట మొదలైన కొత్తలో పైన కప్పు ఉండేది కాదట. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కో పోటీలో బ్లెండో అనే రోబో ఎదుటివాళ్ల ముక్కల్ని గోడ దాటించి జనం వైపు విసిరితే, నిర్వాహకులు భయపడి దాన్ని సహ విజేతగా ప్రకటించి పక్కన కూర్చోబెట్టారు. ఆ కథ చెప్తుంటే మావాడి కళ్లలో ఆశ కనిపించింది.

మొదటి ఫైటు పద్నాలుగు సెకన్లు.

మూడు, రెండు, ఒకటి అన్నారు. డిస్కు ఊళ వేసింది. రెండు రోబోలు మధ్యలో ఢీకొన్నాయి. మంచి దెబ్బే, ఎదుటిది ఎగిరి పక్కకు పడింది. మాది ఉన్నచోటే నిలబడిపోయింది. డిస్కు ఇంకా తిరుగుతూ, నెమ్మదిస్తూ, నెమ్మదిస్తూ... లైటు లేదు. మావాడు రిమోట్ మీద రెండు కర్రలూ విరిగేలా తోస్తున్నాడు. రిఫరీ పది లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదీ వినడానికి అంతసేపు పడుతుందని నాకు తెలీదు. లోపలికి వెళ్లి చూస్తే పవర్ లింకు ఊడి నేల మీద పడి ఉంది, టేపు ఉండాల్సిన చోటు నుంచి సరిగ్గా గజం దూరంలో.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మూతకు ఇంకో మూడు చిల్లులు పెట్టి, లింకు మీద టేపు అంటించాను. రెండుసార్లు ఓడితేనే ఇంటికి పంపుతారు కాబట్టి ఇంకో ఛాన్సు ఉంది. ఈసారి ఎదురుగా అడ్డంగా తిరిగే పొడవాటి బ్లేడు. అదంటే నాకు టెన్షనే కానీ ఆ ఫైటు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఒక్క దెబ్బకు రెండూ చెరో గోడకూ వెళ్లి కొట్టుకున్నాయి, మా ఎడమ చక్రం రబ్బరు సగం చిరిగింది, వాళ్ల బ్లేడు బెల్టు తెగింది. ఆ తర్వాత వాళ్లు కదల్లేదు. యాభై రెండు సెకన్లు. మావాడు గెంతాడు. నేనూ గెంతాను, మోకాలు గుర్తులేక.

మూడో ఫైటు ఒక పెద్దావిడతో. నెరిసిన ముడి, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. మనవరాలి కోసం వచ్చిందేమో అనుకున్నాను. రిమోట్ ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ రోబోకు తిరిగేదేమీ లేదు. ముందు ఏటవాలుగా ఒక ఉక్కు రేకు, దాని మధ్యలో లేచే రెండు వేళ్లు, అంతే. చేట లాంటిది. "ఇది ఈజీ" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

మా డిస్కు ఆ రేకు మీదికి వెళ్లి గీకింది. నిప్పురవ్వలు దీపావళిలా లేచాయి, జనం కేకలు వేశారు, ఆ రేకుకు ఏమీ కాలేదు. మళ్లీ గీకింది. మళ్లీ రవ్వలు. తొమ్మిది మిల్లీమీటర్లు కూడా దిగడం లేదు. నాలుగోసారి మావాడు ఒక పని చేశాడు. డిస్కు వేగం తగ్గించాడు. ఊళ కాస్తా మూలుగయింది. నేను "పెంచరా, పెంచు!" అని అరుస్తున్నాను. వాడు పట్టించుకోలేదు. డిస్కు నెమ్మదిగా తిరిగితే పన్నుకూ పన్నుకూ మధ్య వ్యవధి పెరుగుతుంది, కాటు లోతు పెరుగుతుంది. నాకు వెలిగేలోపే టంగుమని ఒక మోత. ఆవిడ రోబో వేలు ఒకటి విరిగి కప్పుకు తగిలి పడింది.

ఆ ఊపులో వాడు గబుక్కున తిప్పాడు. తిప్పగానే మా రోబో ఒక చక్రం గాల్లోకి లేచింది.

చిన్నప్పుడు బొంగరాలాడేవాళ్లం. తిరుగుతున్న బొంగరాన్ని అరచేతిలోకి ఎక్కించుకుని ఒకవైపు వంచబోతే అది ఇంకోవైపు మొరాయించేది. ఎందుకో అప్పుడు తెలీదు. గిరగిరా తిరిగే ఏ బరువైనా అంతే, తోసినవైపు కాకుండా దానికి అడ్డంగా ఒరుగుతుంది. ముందు మూడు వందల గ్రాముల బొంగరం పెట్టుకున్న రోబో కూడా గట్టిగా మలుపు తిప్పితే అలాగే మొరాయిస్తుంది. ఆ రోజుల్లో నా బొంగరాన్ని ఎవడో ములుకుతో నిలువునా చీల్చేశాడు, రెండు రోజులు అన్నం తినలేదు.

ఆవిడ ఆ లేచిన చక్రం కోసమే కాచుకుని ఉంది. దాని కిందికి రేకు దూర్చి, మిగిలిన ఒంటి వేలితోనే ఎత్తి, మూల దాకా నెట్టుకెళ్లి, గోడకు ఆనించింది. వదిలేసింది. మళ్లీ ఆనించింది. మూడు నిమిషాలూ అయ్యాయి. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆవిడకు, ఒకరు మాకు.

సర్దుకుంటుంటే ఆవిడ మా బల్ల దగ్గరికొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని మా డిస్కును వేలితో తిప్పి చూసింది.

"వేగం తగ్గించింది నువ్వేనా బాబూ?"

"అవునండీ."

"పన్ను ఒక్కటే పెట్టి ఉంటే మొదటి దెబ్బకే నా రేకు లేచిపోయేది. రెండెందుకు పెట్టావు?"

మావాడు నా వైపు చూడలేదు. "బాలెన్స్ కోసమండీ" అన్నాడు. నేను వంగి కింద లేని స్క్రూ ఒకటి వెతికాను.

పద్నాలుగు, యాభై రెండు, నూట ఎనభై. కలిపితే నాలుగు నిమిషాల ఆరు సెకన్లు. దానికి ఆర్నెల్లు, రెండు విమానాలు, మూడు రోజుల సెలవు. లెక్క పైకే వేసినట్టున్నాను. "మొదటిదాంట్లో పద్నాలుగు తీసెయ్ మామయ్యా, అందులో పది లెక్కపెట్టడమే" అన్నాడు వాడు. ఆ ఫైటు గురించి వాడన్న మాట అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో బ్యాటరీల గుణకారం ముందే కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. మైకులో పేరు పిలిచారు. గదిలోకి వెళ్తే ఈసారి వేరే అధికారి, పెట్టె తెరిచి ఉంది. పైన విడిగా కవర్లో సగం చక్రం, వంకరపోయిన మూత, నిండా చిల్లులు. కాగితం తీయబోయాను. ఆయన దాని వంక చూడలేదు. మూతను రెండు వేళ్లతో పైకెత్తి, ఆసుపత్రిలో అడిగినట్టు అడిగాడు.

"అయ్యో, ఏమైంది దీనికి?"

మావాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ముందు తూకం దగ్గర్నుంచి చెప్పాలి అంకుల్" అన్నాడు.