ముందు చెప్పాడా, ముందు దొరికిందా?

మహారాష్ట్రలోని మన సిరొంచ తాలూకాలో ఇంట్లో తెలుగు, ఠాణా కాగితం మీద మరాఠీ. అరెస్టయిన మనిషి అన్నదీ, జబాబులో (పోలీసులు రాసుకునే వాంగ్మూలంలో) రాసిందీ ఒకటేనా అని పట్టి చూడాల్సిన అవసరం మనకే ఎక్కువ. ఎలా చూడాలో 1949 నాటి లండన్ కేసు బాగా నేర్పుతుంది.

తిమోతీ ఎవాన్స్‌కు చదువు అంతంతమాత్రం. నవంబరు 30న వేల్స్‌లో పోలీసుల దగ్గరికి తనే వెళ్లి, భార్య శవాన్ని లండన్‌లోని తన ఇంటి ముందు మోరీలో వేశానన్నాడు. ఆ మూత లేపడానికి ముగ్గురు పోలీసులు కావాల్సి వచ్చింది. లోపల ఏమీ లేదు. అప్పుడు మాట మార్చి, కింది వాటాలో ఉండే జాన్ క్రిస్టీ పేరు చెప్పాడు. డిసెంబరు 2న ఇంటి వెనక బట్టలుతికే గదిలో భార్య, పసిబిడ్డ శవాలు దొరికాయి. ఎవాన్స్‌ను లండన్ తెచ్చి, భార్యాబిడ్డల బట్టలు ముందు పెట్టి, శవాలు ఎక్కడ దొరికాయో చెప్పాక రాసుకున్నదే, చంపింది తనేనన్న అతని ఒప్పుకోలు. అతని మాట వల్ల కొత్తగా బయటపడింది ఒక్కటీ లేదు.

క్రిస్టీ ప్రధాన సాక్షి. యుద్ధకాలంలో పోలీసుగా చేసినవాడు కాబట్టి మాట చెల్లింది. 1950 మార్చి 9న ఎవాన్స్‌ను ఉరితీశారు. 1953లో అదే ఇంటి వంటగది గోడ వెనక ముగ్గురు స్త్రీల శవాలు, నేల పలకల కింద క్రిస్టీ భార్య శవం, పెరట్లో మరో ఇద్దరి ఎముకలు దొరికాయి. ఒక తొడ ఎముక కంచెకు ఆసరాగా నిలబెట్టి ఉంది. 1949లో వెతికినవాళ్ల కంటికి అది ఆనలేదు. ఎవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది.

మన చట్టంలో పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం, కస్టడీలో అన్న మాట వల్ల కొత్తగా ఏదైనా బయటపడితే ఆ మేరకే చెల్లుతుంది. కాబట్టి అసలు పట్టు పంచనామాల్లో ఉంది. చార్జిషీటు నకలు రాగానే రెండు పక్కపక్కన పెట్టండి: మాట అన్నట్టు రాసింది, వస్తువు దొరికినట్టు రాసింది. తేదీ, టైము చూడండి. పంచ్‌లకు, అంటే పంచనామా సాక్షులకు, తెలుగు వచ్చా? తెలుగు మాటను మరాఠీలోకి ఎవరు మార్చారు? అది రాసి లేకపోతే వకీలు మొదట అడగాల్సింది అదే. ఆ చోటు పోలీసులకు ముందే తెలిసి ఉంటే అది బయటపడటం కానే కాదు.

సాక్ష్యం నిందితుడికి రాని భాషలో సాగితే, అతనికి అర్థమయ్యే భాషలో కోర్టులోనే వినిపించాలి. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 314వ సెక్షన్ అది. నోటితో అడిగి ఊరుకుంటే ఆనవాలు మిగలదు. మొదటి సాక్షి రాకముందే అర్జీ ఇచ్చి, రోజ్‌నామాలో (కోర్టు రోజువారీ రికార్డులో) ఎక్కిందో లేదో ఆ రోజే చూసుకోవాలి. కస్టడీలో ఉన్నవారికి ఉచితంగా వకీలును పెడతారు. ఉచిత న్యాయ సహాయం ఫోన్ నంబరు 15100.