పల్లవి రాకముందే ఆపేసిన పాట

పోయిన నెల ఒకరోజు మా అమ్మాయిని స్కూలు నుంచి తీసుకొస్తున్నాను. కారెక్కగానే తను ఫోన్ కనెక్ట్ చేసి ఏదో పాట పెట్టింది. గిటార్ మొదలై నిమిషం కూడా కాలేదు, నేను అలవాటుగా సౌండ్ తగ్గించి "మాథ్ టెస్ట్ ఎలా రాశావు?" అని అడిగాను. తనకి కోపం రాలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ మామూలుగానే అంది: "అమ్మా, నీ పాటలన్నీ నాకు మాటలతో సహా వచ్చు. నా పాట ఒక్కటి కూడా నువ్వు చివరిదాకా వినలేదు."

నిజమే. తనకి 15 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లో పొద్దున సుప్రభాతం, వంటింట్లో నా పాత సినిమా పాటలు వింటూ పెరిగింది. సగం మాటలకి అర్థం తెలియకపోయినా తప్పు లేకుండా పాడుతుంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటాను. తను వినేవి నాకెన్ని వచ్చు అని ఒక్కరోజూ ఆలోచించలేదు.

ఆ మాట అంతగా గుచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆరేళ్లు నేర్చుకున్న కర్ణాటక సంగీతం తను ఈ మధ్యే మానేసింది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు అన్నీ దాటి, వర్ణాల్లోకి వచ్చాక "ఇంక వెళ్లను" అంది. బతిమాలాను, అరిచాను, రెండు వారాలు సరిగా మాట్లాడలేదు. డ్రమ్స్ కొనిపెట్టమంటే కుదరదన్నాను. అప్పటి నుంచి మంచం మీద దిండ్లు పేర్చుకుని పెన్సిళ్లతో వాయించుకుంటోంది. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా నాకు మా నాన్నగారు గుర్తొస్తారు. ప్రతి ఆదివారం తెనాలి నుంచి ఫోన్ చేసి "బుజ్జితల్లి ఇప్పుడు ఏ వర్ణం పాడుతోందమ్మా?" అని అడుగుతారు. "అదే నాన్నా, ఇంకా నడుస్తోంది" అంటున్నాను. నాలుగు నెలలుగా అదే అబద్ధం.

ఆ రాత్రి తన పాటల లిస్టు పంపించమన్నాను. అందులో సగం ఒకే బ్యాండువి. ఫూ ఫైటర్స్.

పేరు ఎక్కడో విన్నాను, అంతే. మర్నాడు తలా ఒక వంట తెచ్చుకునే పాట్లక్ విందులో ఇద్దరు ముగ్గురు తల్లుల్ని అడిగితే వాళ్లకీ అంతే తెలుసు. అందుకే మొదటి నుంచి చెబుతాను. 1980ల చివర, 90ల మొదట్లో సియాటెల్‌లో గ్రంజ్ అనే సంగీతం బయలుదేరింది. బరువైన గిటార్లు, నునుపు చేయని గొంతులు, మాటల్లో బాధ. అందులో నిర్వాణా అన్నిటికన్నా పెద్ద పేరు. ఆ బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్లో ప్రాణం తీసుకున్నాడు. వెనకాల డ్రమ్స్ వాయించిన డేవ్ గ్రోల్‌కి అప్పుడు 25 ఏళ్లు. కొన్నాళ్లు సంగీతం దగ్గరికే వెళ్లలేకపోయిన ఆ కుర్రాడు అదే ఏడాది అక్టోబరులో సియాటెల్ దగ్గరి ఒక స్టూడియోకి వెళ్లి వారం రోజుల్లో ఒక ఆల్బమ్ రికార్డు చేసుకున్నాడు. పాడిందీ, గిటార్లూ, డ్రమ్సూ దాదాపు అన్నీ తనే. తన పేరు పెట్టుకోకుండా, రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లు ఆకాశంలో కనిపించిన వింత వెలుగుల్ని పిలిచిన పేరు పెట్టి, క్యాసెట్లు చేయించి తెలిసినవాళ్లకి పంచాడు. ఫూ ఫైటర్స్ అలా మొదలైంది, మిగతావాళ్లు తర్వాత చేరారు. గ్రంజ్ బరువు ఉంచుకుని, పాటని ఇంకాస్త కూనిరాగానికి అందేలా చేసిన ఈ తరం బ్యాండ్లనే పోస్ట్ గ్రంజ్ అంటారు.

ఆ 1994 అక్టోబరులో నేను విజయవాడలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్నాను. కాగితం మీద పాటల పేర్లు రాసి, క్యాసెట్ల షాపులో ఇచ్చి రికార్డు చేయించుకున్న క్యాసెట్టు ఒకటి నా ట్రంకు పెట్టెలో బట్టల అడుగున ఉండేది. నాన్నగారు సెలవులకి తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు అది చూసి, ఎంసెట్ అయ్యాక ఇస్తానని పట్టుకెళ్లారు. తిరిగి ఇవ్వలేదు. ఆ కోపం ఎన్నేళ్లు మోశానో నాకే తెలుసు. అయినా నా చెయ్యి ఆ సౌండ్ తగ్గించే బటన్ మీదికే వెళ్లింది.

మొదట విన్నది 'ఎవర్‌లాంగ్', 1997లో వచ్చింది. కారులో నేను ఆపేసింది ఇదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాను. చిన్నగా గిటార్, దాదాపు చెవిలో చెబుతున్నట్టు గొంతు, ఎంతసేపూ ఒకే చోట తిరుగుతున్నట్టు అనిపించింది. తర్వాత ఒక్కసారిగా అన్నీ కలిసి ఎగశాయి. అప్పుడు అర్థమైంది నేనిన్నాళ్లూ చేసిన పొరపాటు. మన పాటలో పల్లవి ముందే వస్తుంది. పాట ఏమిటో మొదటి నాలుగు లైన్లలో చేతిలో పెట్టి, తర్వాత చరణాల్లోకి తీసుకెళ్తుంది. వీళ్ల పాటలు చాలావాటిలో చరణం ముందు, పల్లవి తర్వాత. అక్కడిదాకా ఓపిక పట్టాలి. నేను ప్రతిసారీ పల్లవి రాకముందే ఆపేస్తూ, ఇందులో ఏమీ లేదని తేల్చేశాను.

మీ పిల్లలు కూడా ఇవే వింటుంటే 'లర్న్ టు ఫ్లై' నుంచి మొదలుపెట్టండి. 1999 నాటిది, చెవికి వెంటనే అలవాటవుతుంది. 'మై హీరో' పేరు చూసి ఏ పెద్ద నాయకుడి గురించో అనుకున్నాను, మామూలు మనుషుల గురించట. 2007లో వచ్చిన 'ద ప్రిటెండర్' మాత్రం రెండోసారి వినేదాకా నాకు తలనొప్పే.

రెండో ఆల్బమ్ సంగతి ఒకటి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటి డ్రమ్మర్ విలియం గోల్డ్‌స్మిత్ వాయించినదాన్ని గ్రోల్ చాలావరకు తీసేసి, తనే మళ్లీ వాయించి రికార్డు చేశాడు. గోల్డ్‌స్మిత్ బాధపడి వెళ్లిపోయాడు. గ్రోల్ గొప్ప డ్రమ్మరే, కాదనను. కానీ ఆ పని నాకు బాగా తెలుసు. తెలుగు బడి వార్షికోత్సవానికి మా అమ్మాయి సొంతంగా నాలుగు వాక్యాలు రాసుకుంటే, నేను మొత్తం మార్చేసి "ఇది చదువు" అని ఇచ్చాను. చప్పట్లు బాగా కొట్టారు. ఆ తర్వాత తను తెలుగులో ఏమీ రాయలేదు. అదే 1997లో గ్రోల్ టేలర్ హాకిన్స్‌ని తెచ్చుకున్నాడు. తనకి ప్రాణమైన డ్రమ్స్ ముందు ఇంకొకరిని పాతికేళ్లు కూర్చోబెట్టి తను ముందుకెళ్లి పాడాడు.

2022 మార్చిలో బ్యాండు దక్షిణ అమెరికా పర్యటనలో ఉండగా కొలంబియాలోని బొగోటాలో హాకిన్స్ చనిపోయాడు. 50 ఏళ్లే. సెప్టెంబరులో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఆయన కోసం కచేరీ చేశారు. అందులో 'మై హీరో'కి డ్రమ్స్ వాయించింది హాకిన్స్ కొడుకు, 16 ఏళ్ల షేన్. ఆ వీడియో మా అమ్మాయే చూపించింది. తండ్రి కూర్చున్న చోట కూర్చుని, ఉన్న బలమంతా పెట్టి వాయిస్తున్నాడు. నేను ఏడ్చాను. తను నా చెయ్యి పట్టుకుంది. ఈ మధ్యకాలంలో తనంతట తను నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఇంకా చదువుతుంటే తెలిసింది, గ్రోల్ పెరిగింది ఇక్కడే, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, మేముండే యాష్‌బర్న్ నుంచి పెద్ద దూరం కాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. తల్లి పేరు కూడా వర్జీనియానే. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడుల్లో టీచరు. భర్తతో విడిపోయి, ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని పెంచింది. మనవాళ్లంతా సీటు కోసం టెన్షన్ పడే థామస్ జెఫర్సన్ హైస్కూల్లో, అది ఇంకా సైన్స్ స్కూలు కాకముందు, ఆ అబ్బాయి కొన్నాళ్లు చదివాడు. డ్రమ్ సెట్ లేక ఇంట్లో దిండ్లు పెట్టుకుని వాయించడం నేర్చుకున్నాడు.

పరుగెత్తినట్టు వెళ్లి మా అమ్మాయికి చెప్పాను. "తెలుసమ్మా. అందుకే కదా నేనూ దిండ్లు పెట్టుకుంది" అంది.

17 ఏళ్లకి ఆ అబ్బాయి చదువు మానేసి స్క్రీమ్ అనే బ్యాండుతో ఊళ్లు తిరగడానికి వెళ్తానంటే, టీచరైన ఆ తల్లి వెళ్లనిచ్చింది. తర్వాత 2017లో పేరున్న సంగీతకారుల తల్లులను కలిసి ఒక పుస్తకం కూడా రాసింది. 2022లోనే ఆమె కూడా పోయింది. ఏడాది తర్వాత వచ్చిన ఆల్బమ్‌ని కొడుకు ఆమెకీ హాకిన్స్‌కీ అంకితం ఇచ్చాడు. అందులో 'ద టీచర్' పది నిమిషాల పాట. నేను మొదటిసారే చివరిదాకా విన్నాను.

ఇక్కడిదాకా రాశాక నా మీద నాకే అనుమానం వస్తోంది. మా అమ్మాయి చదువు మానేస్తానంటే నేను వెళ్లనిస్తానా? ఇవ్వను. ఎంత ఆలోచించినా ఇవ్వనే అనిపిస్తోంది. అలా వెళ్లి ఏమీ కాకుండా తిరిగొచ్చిన పిల్లలు ఎంతమంది ఉంటారో, వాళ్ల తల్లుల గురించి ఎవరూ పుస్తకం రాయరు. మరి గెలిచిన కొడుకు కథ చదివి ఆ తల్లిని మెచ్చుకుంటున్నానంటే, నాకు నచ్చింది ఆమె నమ్మకమా, ఆ కొడుక్కి వచ్చిన పేరా? ఈ వినడమంతా తనని ఏదో ఒకరోజు మళ్లీ వర్ణాల దగ్గరికి తీసుకురావచ్చన్న ఆశతోనేనా? కాదని గట్టిగా చెప్పలేను. రెండు వారాల్లో ఆల్బమ్‌ల పేర్లు, సంవత్సరాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. భోజనాల దగ్గర రోజూ ఒక ప్రశ్న అడిగేదాన్ని. మూడోరోజో నాలుగోరోజో తను చెంచా పక్కన పెట్టి, "అమ్మా, వింటే చాలు. దీన్ని కూడా క్లాసు చేయకు" అంది.

నోట్‌బుక్ సొరుగులో పెట్టేశాను. పారేయలేదు.

మొన్న ఆదివారం నాన్నగారు ఫోన్ చేసి ఎప్పటిలాగే వర్ణం సంగతి అడిగారు. "మానేసింది నాన్నా, నాలుగు నెలలైంది" అన్నాను. కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు.

"తిట్టావా?"

"తిట్టాను."

"క్లాసు మానేసిందా, పాడటమే మానేసిందా?"

నాకు తెలియలేదు. ఈ నాలుగు నెలల్లో తను ఒక్కతే ఉన్నప్పుడు ఏమైనా పాడుకుంటోందో లేదో నేను గమనించనేలేదు. అడిగి చెబుతానన్నాను.