ఏడున్నర షోకి ముందు అన్నం

లండన్‌లో నాటకానికి వెళ్లాలంటే టికెట్ కొన్నంత శ్రద్ధగా తిండి సంగతి కూడా తేల్చుకోవాలి. నాటకశాలలన్నీ ఉండే వెస్ట్ ఎండ్ ప్రాంతంలో సాయంత్రం షో చాలావరకు ఏడున్నరకి మొదలవుతుంది. పాటలతో సాగే మ్యూజికల్ అయితే ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలు. బయటికొచ్చి కోవెంట్ గార్డెన్‌లో పికడిల్లీ లైన్ మెట్రో రైలు ఎక్కి మేముండే హౌన్‌స్లో చేరేసరికి పదకొండు దాటిపోతుంది. అప్పుడు తిందామంటే కుదరదు. ఆఫీసు వదిలేది ఐదున్నరకి. మిగిలిన రెండు గంటల్లోనే ప్రయాణం, భోజనం అన్నీ అయిపోవాలి.

2018 చలికాలంలో మా టీమ్‌తో మొదటిసారి లైసియం థియేటర్‌లో ‘ది లయన్ కింగ్’ మ్యూజికల్ చూడటానికి వెళ్లాను. 1999 నుంచి అక్కడ అదే ఆడుతోంది. దగ్గర్లో ఒక రెస్టారెంట్ బయట ప్రీ-థియేటర్ మెనూ అని బోర్డు కనిపించింది. సాయంత్రం త్వరగా వచ్చేవాళ్లకి రెండు మూడు వంటకాలు కలిపి ఒకే ధరకి ఇస్తారు. మంచి పద్ధతే. కానీ ఆరుంబావుకి కూర్చుంటే అసలు ప్లేటు ఏడూ పదికి వచ్చింది. బిల్లు కోసం ఇంకో పావుగంట. దాని మీద పన్నెండున్నర శాతం సర్వీస్ ఛార్జి. ఇష్టమైతేనే ఇవ్వాలని, వద్దంటే తీసేస్తారని నాకప్పటికి తెలియదు. పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి హాలు తలుపులు మూసేశారు. ఒక సీను పూర్తయ్యేదాకా లోపలికి పంపరట. బయట గోడకున్న చిన్న టీవీలో మొదటి పాట చూశాం.

ఆ ఆట తెలిసినవాళ్లకి ఆ మొదటి పాట ఏమిటో తెలుసు. జంతువుల వేషాల్లో ఉన్నవాళ్లు కొందరు ప్రేక్షకుల మధ్య నుంచి నడిచి వేదిక ఎక్కుతారు. నలుగురు మనుషులు నాలుగు కాళ్లై మోసే ఏనుగు సీట్ల పక్కనుంచే వెళ్తుంది. డెబ్బై పౌండ్లు పెట్టి టికెట్ కొని, ఆ ఏనుగుని టీవీలో చూశాను. ఆ బాధ చాలా రోజులు ఉండిపోయింది.

2022 జూన్‌లో అమ్మ వచ్చింది. మాది తెనాలి. చిన్నప్పుడు రాత్రంతా మేలుకుని పద్యనాటకాలు చూసిన మనిషి. వన్స్ మోర్ అంటే పద్యం మళ్లీ పాడించుకున్న రోజులు ఆమెవి. ఆమెని మాత్రం ఆలస్యంగా తీసుకెళ్లకూడదని గట్టిగా అనుకున్నాను.

“ఇంత పెందలాడే అన్నమేంటే, ఎండ కూడా తగ్గలేదు” అంది. నిజమే. జూన్‌లో ఇక్కడ తొమ్మిది దాటితే గానీ పొద్దు గూకదు. “పులిహోర కలిపి డబ్బాలో పెడతాను, అక్కడే తిందాం” అంది. బయటి తిండి లోపలికి రానివ్వరని చెప్తే, నాటకానికొచ్చిన వాళ్లని తినొద్దంటారా అని ఆశ్చర్యపోయింది.

ఆ రోజు సగం పూట సెలవు పెట్టి, స్ట్రాండ్‌లోని ఇండియా క్లబ్‌కి తీసుకెళ్లాను. ఆఫీసులో ఒక మలయాళీ అన్న చెప్పిన చోటు. 143 నంబరు దగ్గర చిన్న తలుపు, ఇరుకు మెట్లు. పైన గోడల మీద పాత ఫొటోలు, సాదా బల్లలు, నిటారు వీపు కుర్చీలు. బ్రిటన్‌లో ఉంటూ మన స్వాతంత్ర్యం కోసం పనిచేసిన ఇండియా లీగ్ వాళ్లు 1951లో పెట్టిన క్లబ్ అది. ఆ లీగ్‌ని నడిపిన కృష్ణ మీనన్ పేరు చెప్పగానే అమ్మ, “మా నాన్న పేపర్లో చదివి వినిపించేవాడు” అంది. కూర్చోగానే మాకు ఏడున్నరకి షో ఉందని చెప్పాను. మసాలా దోసె, మిరపకాయ బజ్జీలు, చివర్లో కాఫీ. అమ్మ దోసె అంచు విరిచి చట్నీలో ముంచి, ఒక్క క్షణం ఆగి, “పర్లేదే, పిండి పులిసింది” అంది. వచ్చిన పది రోజుల్లో బయటి తిండిని ఆమె మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇద్దరికీ ముప్పై పౌండ్లు కాలేదు. రోడ్డు దాటి ఐదు నిమిషాలు నడిస్తే లైసియం. ఏడుంబావుకల్లా సీట్లలో ఉన్నాం. నడవా పక్క సీటు అమ్మది. ఏనుగు దగ్గరికొచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడబోయింది.

ఇండియా క్లబ్ ఉన్న భవనాన్ని కొత్త హోటల్‌గా మార్చాలని దాని యజమానులు ఎప్పటినుంచో చూస్తూ వచ్చారు. 2018లో స్థానిక కౌన్సిల్ ఒప్పుకోలేదు. చివరికి 2023 సెప్టెంబర్ 17న క్లబ్ మూతపడింది. ఆ ముందు వారం నేనూ వెళ్లి వరుసలో నిలబడ్డాను. లండన్ నడిబొడ్డున, తక్కువ డబ్బుతో, ఎవరూ తొందర పెట్టకుండా మన తిండి తినగలిగిన చోటు అలా పోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఇప్పుడు టీమ్‌లో కొత్తగా వచ్చిన పిల్లలు అడిగితే ఫిట్జ్‌రోయ్ స్క్వేర్‌లోని ఇండియన్ వైఎంసీఏ క్యాంటీన్ చెప్తాను. ట్రే పట్టుకుని అన్నం, పప్పు, కూర వడ్డించుకుని, ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూర్చోవడమే. కాకపోతే లైసియంకి అరగంట నడక, అది లెక్కేసుకోవాలి. లెస్టర్ స్క్వేర్ వైపు షో అయితే చైనాటౌన్‌లోని జెరార్డ్ స్ట్రీట్‌లో నూడుల్స్ త్వరగా పెడతారు. బీఫ్ తినని వాళ్లు ముందే అడగాలి. ఎక్కడికెళ్లినా కూర్చోగానే షో టైమ్ చెప్పాలి, తిండితో పాటే బిల్లు తెమ్మనాలి.

వచ్చే మేలో అమ్మ మళ్లీ వస్తోంది. నడవా పక్కనే రెండు సీట్లు తీసుకున్నాను. ఆ రోజు నాలుగున్నరకే వెళ్లిపోతానని మేనేజర్‌కి ఇప్పుడే చెప్పిపెట్టాను.