ఫోన్ లాక్కుంటే సరిపోతుందా?

గేమ్ చాట్‌లో పిల్లలకి పరిచయమైనవాడు మొదటిరోజే ఫోటో అడగడు. ముందు గేమ్‌లో వాడుకునే డైమండ్లు కొనిపెడతాడు, మీ నాన్న మరీ స్ట్రిక్టా అని జాలి చూపిస్తాడు, మెల్లగా వేరే యాప్‌లోకి రమ్మంటాడు, అక్కడ "మన మాటలు ఎవరికీ చెప్పకు" మొదలవుతుంది. నన్నడిగితే భయపడాల్సింది ఆ మాటకే. ఒక్క ఫోటో చిక్కిందా, ఇక ఇంకోటి పంపు, డబ్బు పంపు, లేదంటే మీ క్లాసు గ్రూపులో పెడతా అని బెదిరింపులే. మగపిల్లలకి ఇలాంటివి జరగవనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. జరుగుతాయండీ.

చెబితే ఫోన్ లాక్కుంటారని, వీపు విమానం మోత మోగుతుందని పిల్లలు నోరు విప్పరు, వాడి ధైర్యమంతా అదే. అందుకే పిల్లాడు చెప్పిన రోజు కేకలెయ్యకండి, డబ్బు పంపకండి, చాట్ డిలీట్ చెయ్యకండి (కంగారులో చాలామంది చేసేది ఇదే, సాక్ష్యం కాస్తా పోతుంది). పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

పరువు పోతుందని ఆగేవాళ్లకి ఒక్క మాట: 2012 పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించింది) ప్రకారం పిల్లల పేరు మీడియాలో రాకూడదు, వాంగ్మూలం కోసం స్టేషన్‌కి తిప్పక్కర్లేదు, పోలీసులే యూనిఫాం లేకుండా ఇంటికి రావాలి.