కొండవాలు మట్టికి లెక్క

వంశధార నీటిలో ఒడిశా వాటా ఎంత, ఆంధ్ర వాటా ఎంత అన్నది తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017లో తీర్పు చెప్పింది. కలహండి కొండల్లో పుట్టి రాయగడ, గజపతి జిల్లాల మీదుగా శ్రీకాకుళం చేరే ఆ నది, వానాకాలంలో నీటితోపాటు మోసుకుపోయే మట్టి గురించి మాత్రం దాని ఒడ్డునే ఉన్న మా గుణుపురంలో కూడా మాట్లాడుకునేవారు అరుదు. ఆ లెక్క పరిశోధకుల వంతయింది.

చూడడానికి అది ఏమంత గొప్ప పనిలా కనిపించదు. కొండవాలు మీద ఒక మడికి చుట్టూ రేకులు పాతి, దిగువన తొట్టి పెడతారు. వాన వెలిశాక తొట్టిలో నీటి మట్టం కొలిచి, అడుగున చేరిన ఒండ్రు పైకి లేచేదాకా బాగా కలియబెట్టి, ఒక సీసాడు నీళ్లు పట్టి, వాటిని ఆరబెట్టి మిగిలిన మట్టిని తూస్తారు. పక్క మడిలో అదే వాలు, అదే వాన. పంట ఒక్కటే వేరు. ఒక చేను నుంచి ఏటా ఎంత మట్టి కొట్టుకుపోతుందో అంచనా వేయడానికి అమెరికాలో విష్‌మయర్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు రూపొందించిన నేలకోత సూత్రానికి ఆధారం ఇటువంటి మడులే. అయితే అందులో ప్రమాణంగా తీసుకున్న మడి పొడవు 22.1 మీటర్లు, వాలు 9 శాతం. మా పోడు చేలు అంతకంటె చాలా నిటారుగా ఉంటాయి కనుక కొలతలు ఇక్కడే జరగాలి. కొరాపుట్ జిల్లా సునాబెడలో భారతీయ నేల, నీటి సంరక్షణ సంస్థ వారి కేంద్రం చోళ్ల (రాగుల) చేలలో మట్టి జారకుండా వాలుకు అడ్డంగా గ్లైరిసీడియా అనే చెట్టును, గడ్డిని వరుసలుగా పెంచి చూసింది. 2009లో ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ జీవవైవిధ్యానికి, సహజ వనరుల సంరక్షణకు ఒక విభాగం ఉంది.

విద్యార్థి పీహెచ్‌డీ ముగియగానే మడి కూడా మూతపడడం నాకు నచ్చని సంగతి. ఏడాది మొత్తంలో పోయే మట్టిలో చాలా భాగం నాలుగైదు గట్టి వానలకే పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. అటువంటి ఏడాది లెక్కలో లేకపోతే వచ్చే సగటుకు విలువ తక్కువ.

మట్టి శాస్త్రం ఒక్కటే సరిపోని మరో చిక్కు ఉంది. ఒడిశాలో భూముల సర్వే సెటిల్మెంట్ జరిగినప్పుడు 10 డిగ్రీలకు మించిన వాలు నేలలను ప్రభుత్వ భూమిగా రాసుకున్నారు. తాతల నాటి నుంచి పోడు చేస్తున్నా పట్టా లేని రైతు, ఫలితం కనబడడానికి ఏళ్లు పట్టే ఆ చెట్ల, గడ్డి వరుసలు ఎందుకు పెంచుతాడు? అడవి భూమి సాగు చేసుకుంటున్నవారికి హక్కు పత్రం ఇచ్చే 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇందుకు కొంత దారి చూపింది. హక్కు పత్రం ఉన్న చేలల్లో, లేని చేలల్లో గడ్డి వరుసలు ఎన్నేళ్లు నిలుస్తున్నాయో పోల్చి చూసే పనికి మట్టి తూచే విద్యార్థి, భూ రికార్డులు చదివే విద్యార్థి ఒకే ఊళ్లో దిగాలి. ఏ విశ్వవిద్యాలయమైనా ఆ పని తలపెడితే, మా వైపు సవర గ్రామాల్లో వాలుకు ఏమీ కొదవ లేదు.