పెరట్లో కుంట, చిన్న వాగు: తక్కువ ఖర్చులో

తిరుపతి చుట్టుపక్కల గరుసు నేలలో తవ్విన గుంటలో నీళ్లు నిలవవు, ప్లాస్టిక్ షీటు వేయాల్సిందే. సిమెంటు జోలికి పోకండి, ఎండకు పగుళ్లిస్తుంది. మామిడి తోటల్లో ఫారం పాండ్‌కి వేసే 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) మందం షీటు చాలు.

6 అడుగుల పొడవు, 4 వెడల్పు, 2 లోతు గుంటకు షీటు 12×10 అడుగులు కావాలి: రెండు వైపులా లోతు కలిపి, అంచులకు ఇంకో 2 అడుగులు. కింద రాళ్లు ఏరేసి, పాత గోనెసంచులు పరవండి. ఒక్క మొనదేలిన పలుగురాయి చాలు, పని మొదటికొస్తుంది.

వాగు షీటు చివర కుంట షీటు మీదికి రావాలి, పెంకులు పేర్చినట్టు. కిందికి పోతే నీళ్లన్నీ మట్టిలోకే. కుంట నీళ్లను వాగు మొదటికి ఎత్తే పంపు డబ్బా మీద రాసిన లీటర్లు ఎత్తు లేనప్పటి లెక్క. నీళ్లెక్కే ఎత్తుకి ఎంతిస్తుందో చూసి, గంటకు వెయ్యి లీటర్లు తగ్గకుండా కొనండి. కరెంటు లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) తప్పనిసరి.

నీళ్లు తగ్గుతున్నాయా? పంపు ఆపి ఒక రాత్రి చూడండి. మట్టం నిలిస్తే లీకు వాగులోనే. సాధారణంగా అంచు మడత జారి, మట్టి ఒత్తిలా నీటిని పీలుస్తుంటుంది. దోమలకు గప్పీ చేపలు, పాచికి కలువలు.